పసుపు రంగు కార్డు

ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు ఏ రంగులో ఉంటుందో అందరూ మర్చిపోయి రెండు నెలలు దాటింది. పైనుంచి కిందిదాకా ఇంటాయన తయారుచేసిన ప్రయాణం టైంటేబుల్ అతికించి ఉంది. ముప్ఫై నాలుగేళ్లు బస్సు డిపోలో ఏ బస్సు ఎన్నింటికి కదలాలో రాసి రిటైరైన మనిషి ఆయన. నడిసముద్రంలో నిప్పుకొండలు పుట్టించిన దీవుల్నీ, వాటి మీద తిరిగే జంతువుల్నీ కూడా బస్సుల్లాగే గడుల్లో కూర్చోబెట్టాడు. ఏడు పదికి పెద్ద తాబేళ్లు. ఎనిమిది నలభైకి నీలం కాళ్ల పక్షులు. తొమ్మిదిన్నరకి సముద్రంలో ఈదే నల్ల బల్లులు. తాబేలు పది నిమిషాలు లేటుగా వస్తే దానికి మెమో ఇస్తాడని ఆయన అక్క రోజుకోసారైనా ఎగతాళి చేసేది.

ఆ పొద్దున ఇల్లాలు స్టవ్ మీద పాలు పెట్టి, రొట్టెముక్కలు కాలుస్తుంటే గుమ్మంలో గంట మోగింది. పోస్టులో మందపాటి కవరు వచ్చింది. పైన దీవుల అనుమతి కార్యాలయం ముద్ర చూడగానే ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

ఈ కవరు కోసం ఆమె ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూస్తోందంటే అబద్ధం కాదు. ఆమె స్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు. గాజు సీసాల్లో ఉన్న కప్పల్ని, పాముల్ని, తేళ్లని తుడవడం, మందునీళ్లు మార్చడం, చిరిగిన చీటీలు మళ్లీ రాసి అతికించడం ఆమె పని. పిల్లలందరికీ ఆమె సీసాలమ్మ. ల్యాబు గోడ మీద ఆ దీవుల పటం ఒకటి ఉంది. నల్లరాళ్లు, వాటి మీద బండరాళ్లలాంటి తాబేళ్లు. ప్రతి ఏడూ కొత్త తరగతి వచ్చి, “సీసాలమ్మా, ఇవి నిజంగా ఉంటాయా? మీరు చూశారా?” అని అడిగేవాళ్లు. “చూస్తాను” అనేది. అన్నేళ్లలో ఒక్కసారీ “చూడలేదు” అనలేదు. మరో రెండు నెలల్లో రిటైరవుతుంది. ఆ తర్వాత రెండు నెలలకి ప్రయాణం.

కవరు చించింది. నాలుగు కార్డులు. ఆకుపచ్చ కార్డు మీద కూతురి ఫొటో. ఆకుపచ్చ కార్డు మీద వదినగారి, అంటే ఆయన అక్క ఫొటో. ఆకుపచ్చ కార్డు మీద ఆయన ఫొటో. నాలుగోది పసుపు రంగులో ఉంది. దాని మీద తన ఫొటో. ఫొటో కింద రెండు వాక్యాలున్నాయి.

‘ఈ కార్డు గలవారు పడవలోనే ఉండవలెను. దీవులపై కాలు మోపుటకు అనుమతి లేదు.’

“ఏమమ్మా, పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, వాసన రావట్లేదా?” అంటూ వదినగారు వంటింట్లోకి వచ్చింది. స్కూలు యూనిఫారాలు కుట్టీ కుట్టీ నడుం వంగిన మనిషి. నోరు మాత్రం వంగలేదు. మరదలి మొహం చూసి ఆగిపోయింది. “ఎవరికైనా ఏమైనా అయిందా?”

“నాకే అయింది” అంటూ ఇల్లాలు కార్డు ఆవిడ చేతిలో పెట్టింది. “చదవండి.”

వదినగారు కళ్లజోడు సర్దుకుని చదివింది. మళ్లీ చదివింది. తన కార్డు తీసి చూసుకుంది. “ఇదేం విడ్డూరం? అరవై ఆరేళ్ల నన్ను దిగమని, యాభై ఎనిమిదేళ్ల నిన్ను దిగొద్దనా? ఆఫీసువాళ్లు ఫొటోలు తారుమారు చేసుంటారు.”

ఇంటాయన అప్పుడే స్నానం చేసి, గోడ పట్టుకుని మెల్లిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టేబుల్ మీద కార్డులు కనిపించగానే ఆయన చెయ్యి పేపరు వైపు వెళ్లింది. పేపరు అడ్డంగా విప్పుకున్నాడు. అది తలకిందులుగా ఉంది.

“ఏమండీ” అంది ఇల్లాలు. “నా కార్డు పసుపు రంగులో వచ్చింది.”

“ఊఁ.”

“ఊఁ ఏమిటి? మీకు ముందే తెలుసా?”

“కాఫీ ఇవ్వు ముందు.”

“కాఫీ లేదు. పాలు పొంగిపోయాయి. చెప్పండి.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన పేపరు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. “దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. ఒళ్లు బాగోలేని వాళ్లెవరైనా ఉన్నారా అని. నీ మోకాళ్ల సంగతి రాయించాను. దాచిపెట్టి వెళ్తే అక్కడ ఇబ్బంది కదా.”

“ఎవరిచేత రాయించారు?”

కళ్లజోళ్ల షాపులో పనిచేసే కూతురు జడ వేసుకుంటూ గదిలోంచి బయటికి వచ్చి, సగం జడతో గుమ్మంలోనే నిలబడిపోయింది. “నాన్న చీటీ రాసిచ్చారమ్మా. షాపులో కంప్యూటర్లో నేనే నింపాను. నీకు చెప్పే ఉంటారు, నువ్వు సరే అనే ఉంటావు అనుకున్నాను.”

“అనుకున్నావా! నా గురించి నువ్వు అనుకున్నావు, ఆయన అనుకున్నారు, ఆఫీసువాళ్లు అనుకున్నారు. నన్ను అడగాలని మాత్రం ఎవరూ అనుకోలేదు.”

ఆమె గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు వినలేదు. మామూలుగా ఆమెకి కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేస్తాయి, అంతే. ఈసారి గిన్నెలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి.

“రెండేళ్ల క్రితం నాకు మోకాళ్లు వాచాయి, నిజం. పదిహేను రోజులు మంచం మీదున్నాను, అదీ నిజం. ఆ తర్వాత? ఏడాదిగా రోజూ ఐదున్నరకి ఇద్దరం కలిసి ఇంట్లోంచి బయల్దేరుతున్నామా లేదా? మలుపు దగ్గర మీరు పార్కు వైపు, నేను స్కూలు వైపు. స్కూలు మెట్లు ఎనభై ఎనిమిది. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నానని మీకు చెప్పానా లేదా?”

“చెప్పావు.”

“డాక్టరు నా మోకాలు చూసి, ఇప్పుడు మీరు కొండ కూడా ఎక్కొచ్చు అన్నప్పుడు పక్కనే ఉన్నారా లేదా?”

“ఉన్నాను. కానీ అది కొండ కాదోయ్. రబ్బరు పడవలోంచి తడిరాళ్ల మీదికి దిగాలి. తర్వాత మూడు కిలోమీటర్లు గరుకురాళ్ల మీద నడక. కాలు జారితే? అక్కడ ఆస్పత్రి కూడా లేదు. నీ మంచికే చేశాను.”

“మరి మీ అక్క కాలు జారదా?”

“అక్క గట్టిది.”

“నన్ను మధ్యలోకి లాగకండి” అంది వదినగారు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, ఈసారి కందకే దురద పుట్టింది. దానికి న్యాయం జరగాల్సిందే. ఇదిగో, నా కార్డు తీసుకో అమ్మా. నేను పడవలో కూర్చుని చేపల్ని తిట్టుకుంటూ ఉంటాను.”

“మీది నాకెందుకు వదినా? నాది నాకు కావాలి.”

ఆమె విసురుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. రెండు నెలలుగా రోజూ చూస్తున్న టైంటేబులే. ఎప్పుడూ జంతువుల వరసే చదువుకుని మురిసిపోయింది గానీ, మనుషుల వరసలు చదవలేదు. ఇప్పుడు వేలు పెట్టి చదివింది. దీవి మీద దిగే గడులు పదకొండు. కూతురి వరసలో ‘దిగుట’. అక్క వరసలో ‘దిగుట’. తన వరసలో పదకొండు చోట్లా ‘విశ్రాంతి’.

“చచ్చినవాళ్లకి కూడా ఇంత విశ్రాంతి ఉండదండీ” అంది.

కూతురికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఇల్లాలి వేలు నాలుగో వరస మీద ఆగింది. ఆయన వరస. ఆ పదకొండు గడులూ ఖాళీగా ఉన్నాయి. గడి ఖాళీగా వదలడమంటే ఆయనకి అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు. బస్సు రద్దయితే ‘రద్దు’ అని రాసేవాడు గానీ ఖాళీ ఉంచేవాడు కాదు.

“ఇవేమిటి, మీ గడులు ఖాళీగా ఉన్నాయి?”

“ఇంకా పూర్తి చేయలేదు” అని ఆయన లేచి గదిలోకి వెళ్లిపోయాడు. ఆమెకి ఆ జవాబు మీద ఆలోచించే ఓపిక లేదు. బ్యాగు భుజాన వేసుకుని, ఏమీ తినకుండా, ఎవరికీ చెప్పకుండా స్కూలుకి వెళ్లిపోయింది.

ల్యాబులో ఆ రోజు తేలు సీసాని మూడుసార్లు తుడిచింది. ఒళ్లంతా మండుతోంది. ముప్ఫై ఏళ్లు. అత్తగారి మంచం దగ్గర పదేళ్లు చాకిరీ చేసినప్పుడు మోకాళ్లు గుర్తురాలేదు. నాలుగో అంతస్తులో అద్దెకున్నప్పుడు గ్యాస్ సిలిండరు భుజాన మోసుకెళ్లిన రోజున ఎవరూ విశ్రాంతి అని గడిలో రాయలేదు. జీవితంలో మొదటిసారి తన కోసం ఒక్కటి అడిగితే అప్పుడు గుర్తొచ్చాయి ఈయనకి, నా మోకాళ్లు! సీసాలోని తేలు కూడా తనని చూసి జాలిపడుతున్నట్టు అనిపించి దాన్ని వెనక్కి తిప్పి పెట్టింది.

మధ్యాహ్నం స్టూలు వేసుకుని ఎక్కి గోడ మీది పటాన్ని దించింది. చుట్ట చుట్టి బీరువాలో పడేసింది. సైన్సు మాస్టారు వచ్చి ఖాళీగోడ చూసి, “పటం ఏదమ్మా?” అన్నాడు.

“పాతబడిపోయింది సార్.”

“అయ్యో, మీరు చూసొచ్చి పిల్లలకి చెప్తారని అందరం అనుకుంటున్నాం.”

“చూడను సార్” అంది. ఆ మాట అన్నాక ఇక అక్కడ నిలబడలేకపోయింది. మందునీళ్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుని, ముక్కు మండుతోంది కాబట్టి ఏడుస్తున్నాననుకుని ఏడ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆయన టీవీ ముందు, టీవీ పెట్టకుండా కూర్చున్నాడు. ఆమె ఆయన వైపు చూడకుండా అరుగు మీద పాత పేపరు పరిచి, బ్రష్షు, పుల్లలు, నీళ్ల గిన్నె, భూతద్దం తెచ్చుకుంది. నాలుగు జతల బూట్లూ వరసగా పెట్టుకుంది.

ఆ దీవులకి వెళ్లేవాళ్లకి ఒక కట్టుబాటు ఉంది. బయటి మట్టి గానీ, ఒక్క గడ్డివిత్తనం గానీ బూట్లకి అంటుకుని అక్కడికి చేరకూడదు. చేరితే అక్కడి మొక్కల్ని తినేస్తుంది. అందుకని బూట్ల అడుగున ప్రతి గాడీ శుభ్రం చేసి, ఏమేం దొరికాయో ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం ముందుగా ఆఫీసులో ఇవ్వాలి. మళ్లీ బయల్దేరేముందు ఇంకోసారి చెయ్యాలి. ఆ పని ఇంట్లో ఎవరూ అడగకుండానే సీసాలమ్మకి వచ్చిపడింది.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు” అంటూ వదినగారు వచ్చి పక్కన పీట వేసుకుంది. “వీళ్లు అడుసు తొక్కకముందే కడగమంటున్నారు. అయినా ఇంత కోపంలో ఇప్పుడు ఆ పనెందుకమ్మా?”

“నేను దిగకపోతే ఏం, మీరు దిగుతారుగా. నా మీద పడ్డ పని చేస్తాను. ఈ ఇంట్లో నేను దేనికి పనికొస్తానో ఈయన తేల్చేశారుగా.”

“అగ్నిపర్వతం చూడ్డానికి అంత దూరం పోవడం దండగ” అని వదినగారు గొణిగింది.

కూతురి బూట్లలో ఒక గడ్డివిత్తనం, ఎండిన చూయింగ్ గమ్ము. కాగితం మీద రాసింది. వదినగారి బూట్లలో రంగుదారాలు, ఇంత మట్టి. రాసింది. తన బూట్లు తిప్పింది. మడమ దగ్గర రబ్బరు పూర్తిగా అరిగిపోయి లోపలి తెల్లపొర కనిపిస్తోంది. గాడుల్లో సన్నటి సిమెంటుపొడి, స్కూలు ఆవరణలోని ముళ్లవిత్తనాలు రెండు. పుల్లతో ఒక్కొక్కటే లాగి పేపరు మీద పెట్టింది. ఏడాది కష్టం అలా చిటికెడు పోగు అయింది. దాన్ని చూస్తే కోపం మళ్లీ రాజుకుంది.

చివరికి ఆయన బూట్లు తీసుకుంది. తన బూట్లు కొన్న రోజునే, అదే షాపులో కొన్నవి. రోజూ పొద్దున్నే తొడుక్కుని నలభై అయిదు నిమిషాలు పార్కులో నడిచే బూట్లు. బోర్లా తిప్పి భూతద్దం పెట్టింది.

పైపై దుమ్ము తప్ప ఏమీ లేదు. మట్టి లేదు. విత్తనం లేదు. గాడుల అంచులు కొత్తవాటిలా పదునుగా ఉన్నాయి. పాదం వంపు దగ్గర షాపువాళ్లు అంటించిన సైజు కాగితం సగం చిరిగి ఇంకా అతుక్కునే ఉంది.

ముప్ఫై ఏళ్లుగా సీసాల్లో ఉన్నదేమిటో చూసి చీటీ రాసిన కళ్లు అవి. రెండో బూటు కూడా తిప్పి చూసింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆయన ఈ మధ్య మంచం మీద కూర్చునే ప్యాంటు తొడుక్కుంటున్నాడు. పై అలమరలో వస్తువు కావాలంటే కూతుర్ని పిలుస్తున్నాడు. స్నానాల గది నుంచి గోడ పట్టుకుని వస్తున్నాడు. ఫ్రిజ్ మీద పదకొండు ఖాళీ గడులు.

ఆమె రెండు బూట్లూ చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చింది. వెనకే వదినగారు, గదిలోంచి కూతురు.

“మీరు రోజూ ఎక్కడికి వెళ్తున్నారు?”

“ఎక్కడికేమిటి? వాకింగుకి.”

“ఇవి ఏడాదిగా పార్కులో నడిచిన బూట్లు కావు. నా ముందు అబద్ధం ఆడకండి. కప్పకీ తొండకీ తేడా తెలియనిదాన్ని కాదు నేను.” బూట్లు ఆయన ఒళ్లో బోర్లించింది. “చెప్పండి.”

ఆయన సైజు కాగితం వైపు చూశాడు. వేలితో దాన్ని గీరడం మొదలుపెట్టాడు, ఇప్పుడు తీసేస్తే ఏదో సర్దుకుంటుందన్నట్టు.

“నాన్నా, చెప్పండి” అంది కూతురు.

“మలుపు తిరగ్గానే మూసేసిన బ్యాంకు ముందు బల్ల ఉంది కదా” అన్నాడు చివరికి. “అక్కడ కూర్చుంటాను. ఏ బస్సు ఎన్నింటికి వెళ్తోందో చూసుకుంటాను. నువ్వు వచ్చే టైముకి లేచి వస్తాను.”

“ఎందుకు?”

“నడవలేను కనక.” “డిపోలో ఆఖరి రోజున బస్సు దిగుతుంటే నేల గిర్రున తిరిగింది. తలుపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అందరూ నేను ఏడుస్తున్నాననుకుని భుజం తట్టారు. అప్పటినుంచీ అంతే. నాలుగు ఇళ్లు దాటితే తల తిరుగుతుంది. మెట్టు దిగాలంటే కాలి కింద ఏమీ లేనట్టు ఉంటుంది.”

“పదిహేను నెలల నుంచి!” అంది వదినగారు. “ఒరే, నేను నీ తోబుట్టువునా, పక్కింటి దాన్నా?”

“నాకు అలా ఉందని చెప్తే మీరందరూ ప్రయాణం మానేద్దామంటారు. అది వినలేను. అందుకని...”

ఆ మిగిలింది ఇల్లాలే పూర్తిచేసింది. ఒక్కొక్క మాటా నములుతూ చెప్పింది. “అందుకని నా మోకాళ్లు బాగాలేవని రాయించారు. దీవి వచ్చినప్పుడల్లా, పాపం దీన్నొక్కదాన్నీ వదిలి ఎలా వెళ్తాను, మీరు వెళ్లిరండి అని పెద్దమనిషిలా నా పక్కన కూర్చుంటారు. అందరూ, ఆహా ఎంత మంచి మొగుడు అనుకుంటారు. మీ భయానికి నా మోకాళ్లు తొడిగారు.”

ఆయన తల దించుకున్నాడు.

“ఒక్కమాట చెప్పలేకపోయారా? ముప్ఫై రెండేళ్లలో మీకు జ్వరం వస్తే మీకన్నా ముందు నాకు తెలిసేది. నాకు చెప్పడానికి సిగ్గేసింది గానీ, నా ముప్ఫై ఏళ్ల కోరిక మీద గీత గీయడానికి సిగ్గెయ్యలేదు!”

“అమ్మా, నాన్నకి బాగోలేదు కదా...”

“బాగోలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెళ్లాం కాళ్లు నరకకూడదు.”

ఆమెకి ఆయన్ని చూస్తే జాలి వచ్చింది. జాలి కన్నా ముందు కోపం వచ్చింది, జాలి తర్వాత కూడా కోపమే వచ్చింది. ఆ కోపంలో సగం తన మీదే. రోజూ మలుపు దగ్గర ఆయన్ని వదిలేసి వెనక్కి ఒక్కసారైనా చూడని తన మీద. సీసాలో చచ్చిన తేలుకి ఎన్ని కాళ్లున్నాయో చెప్పగలదు. పక్కన బతికున్న మనిషి నడవలేకపోతున్నాడని పదిహేను నెలలు తెలుసుకోలేకపోయింది. ఈ మాట మాత్రం పైకి అనలేదు. ఇప్పుడే అంటే ఆయన తేలిగ్గా బయటపడిపోతాడు.

“రేపు పొద్దున పదింటికి ఆఫీసుకి” అంది. “మీరూ వస్తున్నారు.”

అనుమతి కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఇల్లాలు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, “మెల్లిగా రండి” అని తాను ఎక్కిపోయింది. యాభై నాలుగు మెట్లు. ఊపిరి కూడా పెరగలేదు.

కౌంటరు వెనకున్న గుమాస్తా కార్డు చూసి, కంప్యూటర్లో దరఖాస్తు తెరిచి, ఆమెని కిందనుంచి పైకి చూశాడు. “మెట్లెక్కి వచ్చారా?”

“మరి ఎగిరి వచ్చానా?”

“మీ దరఖాస్తులో, మోకాళ్ల వల్ల మెట్లు ఎక్కలేరు అని ఉందమ్మా.”

“అది నేను రాసింది కాదు.”

అప్పుడే తలుపు తీసుకుని ఆయన వచ్చాడు. మొహం పాలిపోయింది. చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గోడ వెంబడి వచ్చి కుర్చీ అందుకుని కూలబడ్డాడు. గుమాస్తా ఆయన్ని చూశాడు, ఆమెని చూశాడు, మళ్లీ కంప్యూటర్ని చూశాడు. “ఇంతకీ ఇందులో రాసిన మోకాళ్లు ఎవరివండీ?”

ఎవరూ నవ్వలేదు. గుమాస్తా మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆ తేదీల్లో దీవుల మీద దిగేవాళ్ల లెక్క నిండిపోయిందని, ఈ కుటుంబానికి ఆకుపచ్చ కార్డులు మూడే వస్తాయని, నాలుగోది ఇవ్వడం పైవాళ్ల తరం కూడా కాదని చెప్పాడు. “కుటుంబంలో ఒకరిది ఇంకొకరికి మార్చుకోవచ్చు. వదులుకునేవాళ్లు కారణం సొంత చేతిరాతతో రాసి సంతకం పెట్టాలి.”

ఆయన జేబులోంచి ఆకుపచ్చ కార్డు తీసి కౌంటరు మీద పెట్టాడు. గుమాస్తా ఇచ్చిన కాగితం తీసుకున్నాడు. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇంటాయన చేతిరాత డిపోలో ప్రసిద్ధి. అచ్చు వేసినట్టు ఉంటుందనేవాళ్లు. ఇప్పుడు అక్షరాలు వణికాయి. ‘నాకు తల తిరుగుతుంది. మెట్లు దిగలేను. నా భార్య ఆరోగ్యంగా ఉన్నది. మొదట రాసినది అబద్ధము.’ రాసి, కింద టైము కూడా వేశాడు. పది ఇరవై రెండు.

ఆమె ఆ కాగితం చదివింది. ముక్కు మండింది. ఇక్కడ మందునీళ్లు కూడా లేవు.

దిగేటప్పుడు మొదటి మెట్టు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఆమె రెండు మెట్లు కిందికి దిగి, వెనక్కి తిరిగి నిలబడింది. “భుజం పట్టుకోండి. రెండో చేత్తో కమ్మీ పట్టుకోండి. కిందికి చూడకండి, నా నెత్తి చూడండి.”

ఆయన పట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. ఇద్దరూ లెక్కపెట్టుకుంటూ దిగారు. పదిహేడో మెట్టు దగ్గర ఆయన, “నన్ను క్షమించవోయ్” అన్నాడు. ఆమె భుజం మీద తడి పడింది. చెమటో, కన్నీళ్లో ఆమె తిరిగి చూడలేదు. తిరిగితే ఇద్దరూ పడిపోతారు.

“పద్దెనిమిది” అంది ఆమె.

ఇంటికి రాగానే ఆమె చెప్పులు కూడా విప్పకుండా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. కలం తీసుకుని తన వరసలోని పదకొండు ‘విశ్రాంతి’లనీ ఒక్కొక్కటే కొట్టేసింది. గీత ఎంత గట్టిగా గీసిందంటే కాగితం రెండు చోట్ల చిరిగింది. వాటి పక్కన ‘దిగుట’ అని రాసింది. తర్వాత ఆయన ఖాళీ గడుల్లో పై నుంచి కిందికి రాయడం మొదలుపెట్టింది.

ఆయన కుర్చీలోంచే మెడ సాచి చదివాడు. ‘ఏడు పది: కమ్మీ దగ్గర కూర్చుని, దుర్భిణీతో ఒడ్డు చూడాలి. నేను చెయ్యి ఊపుతాను.’

“అన్ని గడుల్లోనూ చెయ్యి ఊపుతావా?” అన్నాడు చిన్నగా.

“పదకొండు చోట్లా. మీరు చూశారో లేదో తిరిగొచ్చాక అడుగుతాను. ఏ చెయ్యి ఊపానో కూడా చెప్పాలి.”

అన్నింటికన్నా పైన, దీవుల తేదీలకి నాలుగు నెలల ముందు, కొత్తగా ఒక గడి గీసింది. ‘రేపు పది గంటలు: చెవి, తల డాక్టరు. ఇద్దరూ.’ దాని కింద మరొకటి. ‘రోజూ ఐదున్నర: స్కూలు మెట్లు. ఆయన ఒక్క మెట్టు. తర్వాత రెండు.’

వదినగారు గుమ్మంలో నిలబడి కళ్లజోడు తుడుచుకుంటోంది. కూతురు వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన ఆ గడులన్నీ పైనుంచి కిందిదాకా చదివి అడిగాడు.

“మరి నీ కోపం? అది ఎప్పటిదాకా?”

ఆమె కలం మూత పెట్టబోయి ఆగింది. కాగితం చివర ఒక పొడుగాటి గడి గీసి, ఈ రోజు నుంచి పడవ ఎక్కే రోజుదాకా దాన్ని లాగింది. అందులో ‘కోపం’ అని రాసింది.

“ఏడు పదికి నేను ఒడ్డు మీద కాలు పెడతాను కదా” అంది. “అప్పుడు రద్దు.”

మర్నాడు ల్యాబు తలుపు తీయగానే ఆమె చేసిన మొదటి పని, బీరువాలోంచి పటం తీసి మళ్లీ గోడకి కొట్టడం.